దేశం గడిలో ఏం రాయాలి? వియన్నా నుంచి బుడాపెస్ట్ దాకా

బుధవారం, వియన్నా

వియన్నాకి జనం రాజభవనాల కోసమో మోజార్ట్ కోసమో వెళ్తారు. మా మావయ్య ఒక గోల్‌కీపర్ కోసం వెళ్దామన్నారు. గుడివాడ దగ్గర జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైన మనిషి. మ్యూనిక్‌లో మా ఇంటికొచ్చి వారం తిరక్కుండానే నాలుగ్గోడల మధ్య కూర్చోలేక విసిగిపోయారు. చెయ్యి దెబ్బతిన్నా గోల్ కొట్టి తన జట్టును ఛాంపియన్ చేసిన కీపర్ సంగతి నేనెప్పుడో మాటల్లో చెప్పాను. అది పట్టుకుని, "ఆ క్లబ్బేదో చూపించరా" అని కూర్చున్నారు. ఆఫీసులో సెలవు పెట్టి, టిఫిన్ డబ్బాలో పులిహోర కట్టుకుని రైలెక్కాం.

రూము లియోపోల్డ్‌ష్టాట్‌లో తీసుకున్నాను. డాన్యూబ్ కాలువ దాటగానే వచ్చే రెండో వార్డు ఇది. గలీషియా నుంచి, హంగేరీ నుంచి, మొరావియా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన యూదు కుటుంబాలు మొదట దిగింది ఇక్కడే. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్ళు ఆపైన చేరారు. 1938 నాటికి ఈ నగరంలో యూదులు దాదాపు 2 లక్షలు. ఇప్పుడు ఈ వీధుల్లో నడుస్తుంటే కాళ్ళ దగ్గర, పేవ్‌మెంట్‌లో, ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఈ ఇంట్లో ఫలానావాళ్ళు ఉండేవారు, ఫలానా రోజున తీసుకెళ్ళారు అని రాసి ఉంటుంది. మావయ్య మొదటి రెండు మూడు పలకల దగ్గర వంగి చదివించుకున్నారు. తర్వాత వంగడం మానేసి, వాటిని తొక్కకుండా నడవడం మొదలెట్టారు.

మా గోల్‌కీపర్ ఆడిన యూదుల క్లబ్బు పేరు హకోవా. 1909లో పెట్టారు. అసలు ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, ఆస్ట్రియాలో జిమ్నాస్టిక్స్ సంఘాలు 1880ల చివరికే యూదుల్ని చేర్చుకోం అని నిబంధనలు రాసుకున్నాయి. తర్వాత ఈత సంఘాలు, కొండలెక్కే సంఘాలూ అదే దారి పట్టాయి. మరోపక్క బుడాపెస్ట్‌లో పుట్టిన మాక్స్ నోర్డావ్ అనే డాక్టరు 1898లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన జియోనిస్టుల (యూదులకు సొంత దేశం కావాలన్నవాళ్ళ) సభలో నిలబడి, యూదులకు పుస్తకాలతోపాటు కండలు కూడా కావాలి అని చెప్పాడు. ఆ మాట కుర్రాళ్ళకు బాగా ఎక్కింది. క్లబ్బు మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన పాటల రచయిత. ఆ రచయిత ఫ్రిట్జ్ లోనర్-బేడా, లెహార్ సంగీత నాటకాలకు పాటలు రాసినవాడు. నగరమంతా ఆ పాటలు పాడుకుంటుండగానే ఆయన్ని బుహెన్‌వాల్డ్ నాజీ శిబిరానికి తీసుకెళ్ళారు. 1942లో ఆష్విట్జ్ అనే మరో శిబిరంలో పోయాడు.

మ్యూనిక్‌లో మాకూ ఒక క్రికెట్ టీముంది. తెలుగువాళ్ళం, ఇద్దరు అఫ్గాన్ కుర్రాళ్ళు, ఒక లాహోర్ డాక్టరు. "మీదీ అదే బాపతు క్లబ్బేగా" అన్నారు మావయ్య. కాదు. మమ్మల్ని ఎవరూ ఎక్కడా రావద్దనలేదు. మా ఆట ఇక్కడివాళ్ళకు తెలియదు కాబట్టి మేం పెట్టుకున్నాం. హకోవావాళ్ళకు ఊరంతా ఆడే ఆటే వచ్చు, ఆడనిచ్చే చోటే లేదు.

గురువారం, ప్రాటర్

ప్రాటర్‌లోని పెద్ద జెయింట్ వీల్‌ను దూరం నుంచే చూసి వదిలేశాం. మెట్రోలో స్టేడియం స్టేషన్ దగ్గర దిగాం. ముందు హకోవా క్లబ్బుకి.

క్రీయావ్ అనే ఈ ప్రాంతంలోనే వాళ్ళ పాత గ్రౌండు ఉండేది. 1924లో ఆస్ట్రియా లీగ్‌లో ఆటగాళ్ళకు జీతాలిచ్చే పద్ధతి వచ్చింది. ఆ మొదటి సీజన్‌లోనే, 1925లో, హకోవా ఛాంపియన్ అయింది. టైటిల్ తేల్చిన మ్యాచ్‌లో గోల్‌కీపర్ అలెగ్జాండర్ ఫాబియాన్ చేతికి దెబ్బ తగిలింది. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. చెయ్యి కట్టుతో మెడకు వేలాడదీసుకుని ఫార్వర్డ్‌లోకి వెళ్ళి నిలబడ్డాడు, గోల్ కాపలా ఇంకొకరికి అప్పగించాడు. ఆట చివర్లో బంతి అతని కాళ్ళ దగ్గరికే వచ్చింది. 3-2.

ఈ కథ మావయ్య మళ్ళీ చెప్పించుకున్నారు. ఆయన ఆలోచన ఆ గోల్ మీద లేదు. "దెబ్బ తగిలినవాణ్ణి ఫార్వర్డ్‌లో పెట్టిన ఆ కోచ్ ఎవడోగానీ తెలివైనవాడ్రా. వెనకాల ఉంచితే జట్టుకి బరువు. ముందుంచితే అవతలివాళ్ళు వీణ్ణి పట్టించుకోరు."

క్లబ్బు గేటు దగ్గర సెక్యూరిటీ గట్టిగా ఉంది. పాస్‌పోర్ట్‌లు చూపించాం, సంచి విప్పి చూపించాం. డబ్బాలోని పులిహోర ఏమిటో వివరించడానికి కొంచెంసేపు పట్టింది. లోపల పెద్ద ఇండోర్ హాలు, బయట టెన్నిస్ కోర్టులు. పక్కనే యూదు బడి, వృద్ధాశ్రమం. అంటే ఒకే వీధిలో చదువు, ఆట, ముసలితనం, మూడూ ఉన్నాయి. హాల్లో పదేళ్ళ పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, జెర్సీ మీద యూదుల గుర్తయిన దావీదు నక్షత్రం. మావయ్య గోడకానుకుని నిలబడి ఒక పొట్టి పిల్లాడి డ్రిబ్లింగ్‌నే చూశారు. "ఎడం చెయ్యి వాడట్లేదు. చెప్పనా?" వద్దన్నాను.

ఈ భవనం 2008 నాటిది. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్న వెంటనే క్లబ్బును నిషేధించారు, గ్రౌండు లాక్కున్నారు. యుద్ధం తర్వాత మిగిలినవాళ్ళు క్లబ్బును తిరిగి మొదలుపెట్టారుగానీ స్థలం రావడానికి 2000 దాటింది. దాని కోసం ఏళ్ళ తరబడి తిరిగిన అధ్యక్షుడు కార్ల్ హాబర్ పేరే ఈ కేంద్రానికి పెట్టారు. ఈత, కుస్తీ, టెన్నిస్ అన్నీ ఉన్నాయి, ఫుట్‌బాల్ మాత్రం లేదు. ఆ జట్టు 1950 వచ్చేసరికే ఆగిపోయింది. ఆడేవాళ్ళు కొందరు చనిపోయారు, మిగిలినవాళ్ళు తలో ఖండంలో ఉన్నారు.

నిజానికి ఆ చెదిరిపోవడం హిట్లర్ కంటే ముందే, వేరే కారణంగా మొదలైంది. ఛాంపియన్లయ్యాక 1926లో జట్టు అమెరికా టూరుకి వెళ్ళింది. న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో మ్యాచ్‌కి 46 వేల మంది వచ్చారు. అమెరికాలో ఫుట్‌బాల్‌కి మళ్ళీ అంతమంది రావడానికి 50 ఏళ్ళు పట్టింది. ఆటగాళ్ళు చూశారు, ఇక్కడ డబ్బుంది, స్టాండ్స్‌లోంచి తిట్లు లేవు. చాలామంది అక్కడే ఉండిపోయారు. టూరుకని వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డవాళ్ళ గురించి కృష్ణా జిల్లావాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మావయ్య "ఊఁ" అని నవ్వి ఊరుకున్నారు. వియన్నా హకోవా తర్వాత ఎప్పుడూ లీగ్ గెలవలేదు. న్యూయార్క్‌లో అదే పేరుతో పెట్టిన జట్టు 1929లో అమెరికా ఓపెన్ కప్ గెలిచింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వియన్నా యూదులందరికీ హకోవా ముద్దు కాదు. మూడు తరాలుగా జర్మన్ మాట్లాడుతూ కాఫీ హౌసుల్లో కూర్చునే కుటుంబాలు ఆస్ట్రియా వియన్నా అనే జట్టు వెనక ఉండేవి. దాని అధ్యక్షుడు మిఖెల్ ష్వార్జ్ యూదు డాక్టరే. ఆ దేశపు జాతీయ జట్టును యూరప్‌లోనే గొప్ప జట్టుగా తయారుచేసిన హ్యూగో మైజల్ కూడా యూదు కుటుంబంలో పుట్టినవాడే. వీళ్ళ ఉద్దేశంలో ఛాతీ మీద నక్షత్రం కుట్టుకుని ఆడటం మనంతట మనమే గీత గీసుకోవడం. 1938లో ఆ రెండు దారులనూ ఒకే ఆజ్ఞ మూసేసింది. పదవి పోయిన ష్వార్జ్‌తో మాట్లాడొద్దని ఆటగాళ్ళకు చెప్తే, జట్టులోని పెద్ద స్టార్ సిండెలార్, అతను యూదు కాదు, "డాక్టరుగారూ, నేను మాత్రం మీకు ఎప్పుడూ నమస్కారం పెడతాను" అన్నాడని చెప్పుకుంటారు.

క్లబ్బులో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈతగత్తెల సంగతి. యూడిట్ డోయిచ్ 1935లో ఆస్ట్రియా ఉత్తమ క్రీడాకారిణి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి ఆమెను ఎంపిక చేశారు, రూట్ లాంగర్‌ను, లూసీ గోల్డ్‌నర్‌ను కూడా. ముగ్గురూ హకోవావాళ్ళే, ముగ్గురూ వెళ్ళం అన్నారు. రూట్‌కి అప్పటికి పదిహేనేళ్ళే. ఆస్ట్రియా ఈత సమాఖ్య వాళ్ళను నిషేధించింది, రికార్డులు చెరిపేసింది. గమనించాల్సిందేమిటంటే అప్పటికి ఆస్ట్రియా ఇంకా హిట్లర్ చేతిలో లేదు. ఇది సొంత దేశపు సమాఖ్య చేసిన పని. వాళ్ళ పతకాలూ రికార్డులూ తిరిగిచ్చి క్షమాపణ చెప్పింది 1995లో. హకోవా మల్లయోధుడు మిక్కీ హిర్షల్ 1932 లాస్ ఏంజెలెస్‌లో రెండు కంచు పతకాలు తెచ్చినవాడు, అతనూ బెర్లిన్‌కి పోలేదు. చివరికి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు.

ఈత విభాగం పెద్ద, లాయరు వాలెంటిన్ రోజెన్‌ఫెల్డ్, లండన్ చేరాక ఒక పని పెట్టుకున్నాడు. ఎవరెవరు ఎక్కడున్నారో వార్తలు సేకరించి, ఉత్తరాలుగా కూర్చి సభ్యులందరికీ పంపేవాడు. గ్రౌండు లేదు, కొలను లేదు, క్లబ్బు పేరు రిజిస్టర్‌లో కూడా లేదు, పోస్టులో మాత్రం నడిచింది.

అక్కణ్ణించి ప్రాటర్ స్టేడియం నడిచే దూరమే. ఇప్పుడు ఎర్న్‌స్ట్ హాపెల్ పేరుతో పిలుస్తున్నారు. 2008 యూరో ఫైనల్ ఇక్కడే. టూరిస్టులు గేటు ముందు ఫోటోలు దిగుతున్నారు. 1939 సెప్టెంబర్‌లో, యుద్ధం మొదలైన రోజుల్లో, పోలండ్ మూలాలున్న, పౌరసత్వం లేని వెయ్యిమందికి పైగా యూదు పురుషుల్ని ఈ స్టేడియంలో స్టాండ్స్ కింద బంధించారు. పిల్లలున్నారు, ఎనభై దాటినవాళ్ళున్నారు. మానవ శాస్త్రజ్ఞులమని కొందరు వచ్చి నాలుగు వందల మందికి పైగా మనుషుల ముక్కులు, తలలు కొలిచారు, జుట్టు కత్తిరించి తీసుకెళ్ళారు. ఆ నెలాఖరుకి అందర్నీ బుహెన్‌వాల్డ్‌కి పంపేశారు. వాళ్ళలో చాలామంది ఇదే స్టేడియంలో టిక్కెట్టు కొని మ్యాచ్‌లు చూసినవాళ్ళే అయ్యుంటారు. స్మారక ఫలకం ఒకటి ఉంది, 2003లో పెట్టారు.

శుక్రవారం, శ్మశానం, రైలు

పొద్దున్నే 71వ నంబరు ట్రామ్. ఇది పెద్ద శ్మశానానికి వెళ్తుంది. వియన్నావాళ్ళు ఎవరైనా పోతే "71 ఎక్కాడు" అంటారట. మావయ్యకు ఈ మాట చాలా నచ్చింది. రేపు ఊళ్ళో చెప్తారు, ఖాయం.

మాకు కావాల్సింది నాలుగో గేటు, కొత్త యూదు శ్మశానం. శనివారం మూసేస్తారు, శుక్రవారం తొందరగా కట్టేస్తారు. మగవాళ్ళు తల కప్పుకోవాలి. మావయ్య జేబులోంచి మంకీ క్యాప్ తీశారు. చలికి పనికొస్తుందని అత్తయ్య పెట్టినది. గేటు దగ్గరున్నాయన ఆ టోపీని ఒక నిమిషం చూసి, ఏమనుకున్నాడోగానీ తలూపాడు.

ఆఫీసులో పేరు చెప్తే వరస నంబరు రాసిచ్చారు. బేలా గుట్‌మన్. ఈయన ఒక్కడి జీవితం చాలు, మిగతా ప్రయాణం మొత్తం ఇందులో ఉంది. 1899లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. ఎంటీకే క్లబ్బులో ఆడి రెండు లీగ్ టైటిళ్ళు గెలిచాడు. 1919 తర్వాత హంగేరీలో యూదుల మీద దాడులు పెరిగాయి. 1920లో యూనివర్సిటీ సీట్లకు యూదులకు కోటా గీస్తూ చట్టం వచ్చింది. గుట్‌మన్ వియన్నా వచ్చి హకోవాలో చేరాడు. 1925 జట్టులో ఉన్నాడు, 1926 టూరులో ఉన్నాడు, న్యూయార్క్‌లో ఉండిపోయిన వాళ్ళలోనూ ఉన్నాడు. తర్వాత తిరిగొచ్చి కోచ్ అయ్యాడు. 1944లో బుడాపెస్ట్ దగ్గర ఒక మంగలి షాపు అటకమీద దాక్కున్నాడు, తర్వాత నిర్బంధ శ్రమ శిబిరానికి చిక్కాడు. అక్కణ్ణుంచి కిటికీ దూకి తప్పించుకున్నాడు. అతనితో దూకినవాళ్ళలో ఎర్నో ఎర్‌బ్‌స్టైన్ ఉన్నాడు. తర్వాత టొరినో జట్టును ఇటలీలోనే తిరుగులేనిదిగా చేసి, 1949లో ఆ జట్టుతోపాటే సుపెర్గా కొండ మీద విమానం కూలి పోయినవాడు ఇతనే.

యుద్ధం తర్వాత గుట్‌మన్ ఏ దేశంలోనూ ఎక్కువ కాలం నిలవలేదు. ఇటలీ, అర్జెంటీనా, సైప్రస్, బ్రెజిల్, పోర్చుగల్, ఉరుగ్వే. 1957లో సావ్ పాలో జట్టుని రాష్ట్ర ఛాంపియన్ చేశాడు. 1961, 1962లో పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికాకు వరసగా రెండు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. జీతం పెంచమంటే పెంచలేదు, వెళ్ళిపోయాడు. వెళ్తూ వందేళ్ళు మీకు యూరప్ కప్పు రాదని శపించాడని కథ. నిజంగా అన్నాడో లేదో అనుమానమే, ఆ తర్వాత బెన్‌ఫికా ఆడిన ఎనిమిది యూరప్ ఫైనల్స్ ఓడిపోవడం మాత్రం నిజం. 1990లో ఫైనల్ వియన్నాలోనే, నిన్న మేం చూసిన స్టేడియంలోనే. ఆయన శిష్యుడు యుసేబియో ఈ సమాధి దగ్గరికొచ్చి ప్రార్థించాడు. మిలాన్ 1-0తో గెలిచింది.

"చచ్చినాక కూడా రైజ్ ఇవ్వకపోతే ఎందుకు వదుల్తాడ్రా" అన్నారు మావయ్య, సమాధి మీద గులకరాయి పెడుతూ. పూలు కాదు, ఇక్కడ రాళ్ళే పెడతారు.

ఆయనకో నోటుబుక్కుంది. స్కూలు పిల్లలకి చెప్పడానికని ఎవరి గురించి విన్నా అందులో రాస్తారు. పాత అలవాటు కొద్దీ గళ్ళు గీస్తారు: పేరు, ఆట, దేశం, గెలిచినవి. రైల్లో కూర్చున్నాక గుట్‌మన్ వరసలో ఆగిపోయారు. "దేశం ఏం రాయమంటావ్?" హంగేరీ అన్నాను. "పుట్టడం హంగేరీ సరే. ఆస్ట్రియాలో ఆడాడు, ఉన్నాడు, అక్కడే పోయాడు. గెలిచింది పోర్చుగల్‌కి." చివరికి ఆ గడిలో ఊళ్ళ పేర్లు వరసగా రాసి, చోటు చాలక మార్జిన్‌లోకి వెళ్ళారు. వియన్నా నుంచి బుడాపెస్ట్ మూడు గంటలు కూడా పట్టదు. హెగ్యెష్‌హాలోమ్ దగ్గర సరిహద్దు దాటాం, ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు. రాత్రి గుల్యాష్ తిన్నాం. మావయ్య కారం చాలదన్నారు. పాప్రికా దేశంలో ఆ మాట అనడానికి గుండెధైర్యం కావాలి.

శనివారం, బుడాపెస్ట్

పార్లమెంట్ పక్కన డాన్యూబ్ గట్టు మీద ఇనుప చెప్పులున్నాయి. అరవై జతలు. ఆడవాళ్ళవి, పిల్లలవి, మడమ అరిగినవి. 1944-45 చలికాలంలో హంగేరీ నాజీల పార్టీ యారోక్రాస్ మూకలు యూదుల్ని ఇక్కడ నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలోకి తోసేవి. చెప్పులకి ధర పలికేది కాబట్టి. అందరూ ఫోటోలు తీస్తున్నారు, మేమూ తీశాం. దీని గురించి ఇంతకంటే రాయను, చూడాల్సిందే.

హంగేరీ ఒలింపిక్ చరిత్రలో ఒక విచిత్రముంది. ఆ దేశానికి తొలి బంగారాలు తెచ్చినవాళ్ళలో యూదులు చాలా ఎక్కువ, అందులోనూ కత్తిసాములో. సేబర్ కత్తి హంగేరీలో పెద్దమనిషితనానికి గుర్తు. అవమానిస్తే ద్వంద్వ యుద్ధానికి పిలవడం సైనికాధికారుల, జమీందార్ల పద్ధతి. ఆ వరసలో నిలబడాలంటే కత్తి పట్టడం రావాలి. కాబట్టి పైకొచ్చిన యూదు కుటుంబాలు పిల్లల్ని ఫెన్సింగ్ మాస్టారి దగ్గర చేర్చాయి. మావయ్యకు ఇది ఇట్టే అర్థమైంది. "మనూళ్ళోనూ టెన్నిస్ క్లబ్బులో మెంబర్‌షిప్ కావాల్సింది టెన్నిస్ కోసమా?"

ఆటిలా పెచావర్ 1928, 1932 ఒలింపిక్స్‌లో సేబర్ జట్టుతో బంగారం గెలిచాడు. నగరంలో పెద్ద స్టార్, పత్రికల్లో రాసేవాడు, పార్టీల మనిషి. యుద్ధంలో హంగేరీ యూదు మగవాళ్ళకు తుపాకీ ఇవ్వలేదు, చేతికి పట్టీ కట్టి నిర్బంధ శ్రమ దళాల్లోకి తోలింది. పెచావర్‌ను ఉక్రెయిన్‌లో దవీదోవ్కాకి పంపారు. అక్కడే తోటి బందీగా ఉన్న కార్పాటి, ఇతనూ 1936 బెర్లిన్‌లో హంగేరీకి కుస్తీ బంగారం తెచ్చినవాడే, తర్వాత చెప్పాడు. గడ్డకట్టే చలిలో పెచావర్‌ను బట్టలిప్పించి చెట్టెక్కమన్నారు, కోడిలా కూయమన్నారు, నీళ్ళు చిమ్మారు. 1943 జనవరిలో చనిపోయాడు. అతనితో కలిసి 1928 బంగారం గెలిచిన యానోష్ గరాయ్ 1945లో మౌట్‌హౌజెన్ నాజీ శిబిరంలో పోయాడు. రికార్డు పుస్తకంలో మాత్రం ఆ పతకాలు హంగేరీ పేరిట భద్రంగా ఉన్నాయి. అప్పుడూ ఉన్నాయి. మనిషిని లెక్కలోంచి తీసేసినవాళ్ళకి కూడా పతకాన్ని తీసెయ్యడం గుర్తుకు రాలేదు.

సాయంత్రం ట్రామ్ ఎక్కి ఎంటీకే స్టేడియానికి. 1888లో పుట్టిన క్లబ్బు, పెట్టినవాళ్ళలో యూదు వ్యాపారులూ ఉన్నారు, ఉదారవాద దొరబిడ్డలూ ఉన్నారు. హకోవాలా నక్షత్రం పెట్టుకోలేదు, మేం హంగేరియన్లం అన్నారు. అయినా ప్రత్యర్థి స్టాండ్స్ దృష్టిలో అది యూదుల క్లబ్బే, ఈనాటికీ. అధ్యక్షుడు ఆల్‌ఫ్రేడ్ బ్రుల్ 1905 నుంచి 1940 దాకా సొంత డబ్బు పోసి నడిపాడు. 1940లో క్లబ్బును మూసుకోవాల్సి వచ్చింది. బ్రుల్‌ను 1944లో ఆష్విట్జ్‌లో చంపారు.

ఇప్పటి స్టేడియం 2016లో కట్టినది. గోల్ పోస్టుల వెనక స్టాండ్స్ ఉండవు, నిలువెత్తు కాంక్రీట్ గోడలుంటాయి. నాకు నచ్చలేదు. మావయ్యకు నచ్చింది: "బంతి తెచ్చిచ్చే పని తప్పుతుంది." పేరు నాండోర్ హిదెగ్కుటిది. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన జట్టులో మూడు గోల్స్ కొట్టినవాడు, ఎంటీకే ఆటగాడు. సెంటర్ ఫార్వర్డ్ అయ్యుండీ వెనక్కి వచ్చి ఆడేవాడు, కాపలావాళ్ళకు ఎవర్ని పట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ పాస్‌ల ఆటకి విత్తనం వేసినవాడు జిమ్మీ హోగన్ అనే ఇంగ్లిష్ కోచ్. మొదటి యుద్ధంలో శత్రుదేశపు మనిషిగా ఇరుక్కుపోతే, బ్రుల్ క్లబ్బువాళ్ళు అతన్ని బుడాపెస్ట్ తెప్పించి కోచ్‌గా పెట్టుకున్నారు.

హిదెగ్కుటి పేరు వినగానే మావయ్య మొదలెట్టారు. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ హంగేరీ ఆటని క్షుణ్ణంగా చదివాడనీ, 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ తిన్నాక మన ఆటను ఆ దారిలోనే మార్చాడనీ ఆయన గట్టి నమ్మకం. తనకు కోచింగ్‌లో పాఠం చెప్పిన మాస్టారు చెప్పాడట. గేటు బయట నిలబడి మూడు కారు తాళాలు, ఒక పర్సుతో ఫార్మేషన్ పేర్చి చూపించారు. వాచ్‌మన్ కూడా వచ్చి చూశాడు.

ఆదివారం, మార్గిట్ దీవి

మేమున్న ఫ్లాట్ యజమానురాలు ఎనభైకి దగ్గరపడ్డ ఆవిడ. టీ ఇస్తూ ఎందుకొచ్చారని అడిగింది. చెప్తే, "అయితే ఆగ్నెష్ నేని గురించి తెలుసుగా" అంది. నేని అంటే మనం వరసపెట్టి పిన్నీ అన్నట్టే. ఆగ్నెష్ కెలెటి 2025 జనవరి 2న, 104వ పుట్టినరోజుకి వారం ముందు, ఇదే నగరంలో చనిపోయింది. తొంభై దాటాక కూడా టీవీలో కాళ్ళు బార్లా చాచి కూర్చునేదని ఈవిడ చేతులతో చూపించింది.

కెలెటిని 1941లో యూదురాలని జిమ్నాస్టిక్స్ క్లబ్బులోంచి పంపేశారు. వేరొకామె కాగితాలు కొనుక్కుని పల్లెలో పనిమనిషిగా దాక్కుని బతికింది. తండ్రి ఆష్విట్జ్‌లో పోయాడు. తల్లినీ తోబుట్టువునీ స్వీడన్ దౌత్యవేత్త వాలెన్‌బర్గ్ కాపాడాడు. మామూలుగా జిమ్నాస్టులు మానేసే వయసులో మొదలెట్టి 1952 హెల్సింకీలో ఒకటి, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగు బంగారాలు గెలిచింది, 35 ఏళ్ళ వయసులో. అన్నీ కలిపి పది ఒలింపిక్ పతకాలు. ఆ మెల్‌బోర్న్ ఆటల సమయానికే బుడాపెస్ట్‌లో సోవియట్ ట్యాంకులు దిగాయి. ఆమె తిరిగి రాలేదు. 1957లో ఇజ్రాయెల్ వెళ్ళి అక్కడ జిమ్నాస్టిక్స్‌ను మొదలు నుంచి నిలబెట్టింది.

మెల్‌బోర్న్ అనగానే మావయ్య కప్పు కింద పెట్టారు. "ఆ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మొదటి రౌండ్ మనకి ఎవరితో పడిందో తెలుసా? హంగేరీతో. వాళ్ళు రాలేదు. వాకోవర్." తర్వాత ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి మనం నాలుగో స్థానం దాకా వెళ్ళాం. రహీం సాబే కోచ్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం జట్టులో ఉన్నాడు. మన ఫుట్‌బాల్‌కి ఒలింపిక్స్‌లో అంతకుమించిన రోజు మళ్ళీ రాలేదు. దాని మొదటి మెట్టు ఈ నగరంలో జరిగిన తిరుగుబాటు వల్ల ఖాళీ అయిన చోటు. యజమానురాలికి ఇదంతా నేను తర్జుమా చేసి చెప్తే, అప్పుడు తనకు పదేళ్ళనీ, తమ వీధి చివర ట్యాంకు నిలబడిందనీ అంది.

కెలెటికి హంగేరీ 2004లో దేశపు అత్యున్నత క్రీడా బిరుదు ఇచ్చింది. ఇజ్రాయెల్ 2017లో ఇజ్రాయెల్ ప్రైజ్ ఇచ్చింది. అప్పటికే ఆమె 2015లో బుడాపెస్ట్ తిరిగొచ్చేసి ఉంది. నోటుబుక్కులో మావయ్య ఈసారి దేశం గడిలో కలం పెట్టనే లేదు. యజమానురాల్నే అడగమన్నారు. "హంగేరీ! ఇంకేముంటుంది?" అందావిడ. ఒక క్షణం ఆగి, "ఇప్పుడైతే అలాగే అంటాం" అంది. మావయ్య హంగేరీ అని రాసి పక్కన కొశ్చన్ మార్క్ పెట్టారు. నాకైతే ఆ గడినే కొట్టెయ్యాలనిపించింది. ఆయన ఒప్పుకోలేదు, పిల్లలు అడుగుతారు అన్నారు.

దీవికి 4-6 ట్రామ్. మార్గిట్ వంతెన సరిగ్గా మధ్యలో వంగుతుంది, ఆ వంపు దగ్గరే దిగాలి. 1944 నవంబర్ 4న జర్మన్లు ముందుగా అమర్చిన పేలుడు మందు పొరపాటున పేలి, ట్రాములతో మనుషులతో నిండి ఉన్న వంతెన నదిలో పడింది. వందలమంది పోయారు. వాళ్ళలో 1936 బెర్లిన్‌లో సేబర్‌లో రెండు బంగారాలు గెలిచిన ఎండ్రె కబోష్ ఒకడు, అప్పటికి శ్రమ దళంలో ఉన్నాడు. మర్నాడు 38వ పుట్టినరోజు.

దీవిలో దిగగానే ఎడమ వైపున ఆల్‌ఫ్రేడ్ హాయోష్ ఈతకొలను. హంగేరీ మొట్టమొదటి ఒలింపిక్ ఛాంపియన్ హాయోషే, అసలు పేరు ఆర్నోల్డ్ గుట్‌మన్, మన బేలాకు చుట్టమేం కాదు. చిన్నతనంలో తండ్రి డాన్యూబ్‌లో మునిగి చనిపోతే ఈత నేర్చుకున్నాడు. 1896 ఏథెన్స్‌లో కొలను లేదు, సముద్రంలోనే పోటీ. నీళ్ళు 13 డిగ్రీలు. ఒళ్ళంతా కొవ్వు పూసుకుని దూకాడు. 1200 మీటర్ల పోటీకి పడవలో తీసుకెళ్ళి సముద్రంలో వదిలేశారు, గెలవాలన్న కోరిక కంటే బతకాలన్న కోరికే గట్టిగా పనిచేసిందని తర్వాత చెప్పాడు. 100 మీటర్లూ, 1200 మీటర్లూ రెండూ గెలిచాడు. తిరిగొచ్చాక కాలేజీ డీన్ మెచ్చుకోలేదు, నీ పతకాలు నాకెందుకు, వచ్చే పరీక్షలో జవాబులు చూస్తా అన్నాడట. ఆ చదువు వృథా పోలేదు. ఆర్కిటెక్ట్ అయ్యాడు, ఒలింపిక్స్‌లో కళలకు కూడా పోటీలుండే రోజుల్లో 1924లో స్టేడియం నమూనాకి వెండి గెలిచాడు, 1930లో ఈ కొలను కట్టాడు. యుద్ధాన్ని దాటి 1955 దాకా బతికాడు.

పోటీలు లేని రోజుల్లో టిక్కెట్టు కొని ఎవరైనా ఈదొచ్చు. ఈత టోపీ తప్పనిసరి. "నెత్తిన వెంట్రుకే లేదు, టోపీ దేనికి?" అని మావయ్య కౌంటర్ దగ్గర తెలుగులోనే వాదించారు, కొనక తప్పలేదు. బయట 50 మీటర్ల కొలను, అక్టోబర్ చలికి నీళ్ళ మీంచి ఆవిరి లేస్తోంది. హాయోష్ 100 మీటర్ల టైమింగ్ ఎంతని అడిగారు. 1:22.2. పుల్లేరు కాలవలో ఈత నేర్చుకున్న మనిషి, అరవై ఎనిమిదేళ్ళు. "వాచీ పెట్టు" అని దూకేశారు.

2:47. నీళ్ళలోంచి తల ఎత్తి, వెనక్కి తిరిగేచోట ఒక పిల్ల అడ్డొచ్చింది, పది సెకన్లు తీసెయ్యమన్నారు. తియ్యనన్నాను. ఎలాగూ పోలిక కుదరదులే అన్నారు, ఆయనది మంచునీళ్ళు, తనది వేణ్ణీళ్ళు. ఊపిరి సర్దుకునేదాకా గట్టు పట్టుకుని, పక్క లేన్‌లో ఒక కుర్రాడి కాళ్ళ కొట్టుడు మీద ఏవో లోపాలు చెప్పారు. తర్వాత టోపీ చెవుల మీదికి లాక్కుని, మళ్ళీ సున్నాకి తిప్పమన్నారు.